స్వరూప అలగలేదు

స్వరూప అలగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ ఆదివారం పొద్దున ఈ సంగతి తెలిసిన మనిషి లోకం మొత్తంలో స్వరూప ఒక్కతే.

ఆమెకు కావలసింది కృష్ణ ఒడ్డు. శ్రీరంగాపూర్‌లో ఇంటి ముందు సైకిలెక్కి, కాలువ గట్టు పట్టుకుని పోయి, చిన్నపాటి అడవి దాటి, ఏటి ఒడ్డునే దిగాలి. మధ్యలో ఎవరి బండీ ఎక్కకూడదు, ఎవరిచేతా తోయించుకోకూడదు. అంతే. నలభై ఏళ్లు నెత్తిమీదికొచ్చిన ఆడమనిషికి ఇదేం పిచ్చి అంటారా? షుగరు గడప దాకా వచ్చిందమ్మా, కాళ్లు కదుపు అని డాక్టరమ్మ చెప్పింది. కూతురు అఖిల హైదరాబాద్ కాలేజీకి పోతూ వదిలేసిన గేర్ల సైకిలు మీద మొగుడు జగదీశ్ తువ్వాళ్లు ఆరేస్తున్నాడు. వాటికి తోడు ఫోన్‌లో వీడియోలు. ఏవో దేశాల్లో జనం కార్లూ బస్సులూ తిరగని కంకర దారులు వెతుక్కుని మరీ, అడవుల్లో, నదుల వెంట సైకిళ్లు తొక్కుతున్నారు. దానికి వేరే టోపీలు, వేరే చొక్కాలు, అబ్బో, ఆ హంగే వేరు. స్వరూప చూసి చూసి ముక్కున వేలేసుకుంది. కంకర దారులకు మనకేం కరువు? తారు రోడ్డు వేయండి మహాప్రభో అని మొత్తుకుని మొత్తుకుని గొంతు పోయిన ఊళ్లు కావూ మనవి!

నెల రోజులు తెల్లవారుజామునే లేచి, ఊరి వెనక మొరం దారిలో తొక్కి తొక్కి కాళ్లు గట్టి చేసుకుంది. ఒకసారి తుమ్మకంపలో పడింది. ఒకసారి బర్రె మీద పడింది. బర్రె ఏమీ అనలేదు.

ముందు రోజు జగదీశ్‌కు చెప్పింది కూడా. "రేపు సైకిల్ మీద కృష్ణ దాకా పోయొస్త" అంది. ఆయనకు చికెన్ సెంటరుంది. తెల్లారితే ఆదివారం, కత్తులు నూరుకునే పనిలో ఉన్నాడు. "ఆఁ, పో పో" అన్నాడు. ఆమె ఏం చెప్పినా ఆయన జవాబు అదే కాబట్టి, స్వరూప దాన్ని ఒప్పుకోవడం కిందే జమ కట్టేసుకుంది.

ఇందులో ఒక్కటే చిక్కు. ఆ దారి చివర, ఏటి ఒడ్డున ఉన్న ఊరు ఆమె తల్లిగారి ఊరు. కాలువ అటే పోతే స్వరూప ఏం చేస్తుంది?

చలి ఇంకా విడవలేదు. కాలువ గట్టు మీద పురుగు లేదు. టైర్ల కింద మొరం కరకరమంటోంది, ఒక పక్క నీళ్లు, ఒక పక్క పల్లి చేలు. నిజం చెప్పాలంటే పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. గట్టిగా పాట కూడా ఎత్తుకుంది, రాని పాట.

ఆ పాటే కొంప ముంచింది. పక్కన పత్తి ఏరుతున్న పుష్పమ్మ అనే ముసలామె తలెత్తి చూసింది.

"ఓ బిడ్డా, ఆగు! ఏంది, ఒక్కదానివే సైకిల్ మీద? ఏమైంది?"

"ఏం కాలేదవ్వా. ఊరికెనే తొక్కుతున్న."

"ఊరికెనే ఎవరన్న తొక్కుతరా? యాడికి?"

"కృష్ణ దాకా."

"ఏ ఊరు మీది?"

"శ్రీరంగాపూర్. మా ఆయనది చికెన్ సెంటర్."

"మరి తల్లిగారు?"

లోకంలో చిన్న అబద్ధం ఆడాల్సిన చోటంటూ ఒకటుంటే అది ఇదే. స్వరూప నిజం చెప్పింది. పుష్పమ్మ ఒడిలోని పత్తి కిందికి జారిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కొట్టిండా?"

"అయ్యో, లేదవ్వా!"

"ఆ సంచిల ఏంది? బట్టలా?"

"రొట్టెలు."

"ఓ నాయనో, రొట్టెలు గూడ గట్టుకోనొచ్చినవా!"

పత్తి చేను చేనంతా గట్టెక్కింది. తిరిగి పో, సంసారం అన్నంక సర్దుకోవాలె అని కొందరు. పోకు, వాడొచ్చి కాళ్లు పట్టుకునేదాక తల్లిగారింట్లనే కూచో అని కొందరు. స్వరూప మాట వినేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. వ్యాయామం కోసమమ్మా అంటే, "పాపం, పరువు కాపాడుకుంటుంది" అని ముక్కులు చీదారు. ఆమె ఎలాగో విడిపించుకుని పెడలు మీద కాలేసేసరికి పుష్పమ్మ ఫోన్‌లో ఉంది. జగదీశ్ నంబరు దొరకడం కష్టమా? ఆయన చికెన్ కవర్ల మీదే అచ్చయి ఉంటుంది, ఆ కవరులోనే పుష్పమ్మ తమలపాకులు పెట్టుకుంది.

"ఏమయ్యా, పిల్లను ఏం జేసినవ్?" అన్న కేక కాలువ మలుపు దాకా వినబడింది.

ఆ తర్వాత వార్త ముందు, స్వరూప వెనక. తర్వాతి ఊరికి చేరేసరికి దారి మీద మంచమేసి చాయ్‌తో నిలబడి ఉన్నారు. "ఏడ్వకక్కా" అని ఒకామె వెన్ను నిమిరింది. చెమటమ్మా అది, ఏడుపు కాదు అని చెప్పినా నమ్మదే! ఆ ఊరు దాటగానే మాసయ్య అనే ఆయన ట్రాక్టరు అడ్డం పెట్టాడు.

"ఎక్కు చెల్లె. సైకిల్ ట్రాలీల ఏస్త."

"నేను ఎక్కనన్నా. నా అంతట నేనే పోవాలె."

"అబ్బ, ఎంత రోషం! సరే, నువ్వు తొక్కు. అడవిల ఒక్కదాన్ని ఇడిసిపెడ్తనా? ఎనక వస్త."

వచ్చాడు. ఆమె వేగానికి తగ్గట్టు ట్రాక్టరును వెనక డుగుడుగుమనిపిస్తూ, స్పీకరులో పాటలు పెట్టి మరీ వచ్చాడు. మోదుగ చెట్ల మధ్య, సీతాఫలం పొదల మధ్య సన్నటి దారి అది. ట్రాక్టరును దాటలేక రెండు మోటారు సైకిళ్లు, వాటెనక పాల ఆటో, దానెనక పెళ్లిచూపులకు పోతున్న కారు. నెమళ్లు కొండెక్కిపోయాయి. ఎన్నడూ ఇన్ని బండ్ల మొహం చూడని ఆ అడవిలో ఆ రోజు హారన్లు మోగాయి. స్వరూపకు ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే. కానీ దిగలేదు.

తల్లిగారి ఊరి మొగదల కుర్చీలేసి ఉన్నాయి. మధ్యలో ఊరి పెద్ద తిమ్మప్ప మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. పక్కన తల్లి జమ్ములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల తలల మీదుగా, ఇళ్ల వెనక, కృష్ణ ఎండలో మెరుస్తోంది. ఇంకొక్క దిగుడు. ఇంకాస్త తొక్కితే అయిపోతుంది.

"జర దారి ఇడువుండ్రి" అంది స్వరూప రొప్పుతూ. "నేను ఏట్లెకు పోవాలె."

"ఏట్లెకా!" జమ్ములమ్మ గుండెలు బాదుకుంది. "అంత కష్టమొచ్చిందా నా బిడ్డకు! పట్టుకోండ్రే!"

ఇద్దరు ఆడవాళ్లు హ్యాండిలు పట్టుకున్నారు, ఒకామె వెనక చక్రం మీదే కూర్చున్నంత పని చేసింది. తల్లికి వివరం చెప్పబోయేలోపు స్కూటర్ మీద జగదీశ్ దిగాడు. ఒంటిమీద కొట్టు ఆప్రాను అలాగే ఉంది, చెవి వెనక కోడి ఈక ఒకటి అంటుకుంది. అంత గిరాకీని వదిలేసి ఆదివారం కొట్టు మూసిన చికెన్ వ్యాపారి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"తప్పయింది!" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకముందే.

"ఏం తప్పు జేసినవ్ అల్లుడా?" అన్నాడు తిమ్మప్ప.

జగదీశ్ చుట్టూ చూశాడు. "మీకు ఏది చెప్పింది?"

"అన్నీ చెప్పింది" అన్నాడు తిమ్మప్ప. పంచాయతీల్లో తల పండిన మనిషి.

"అత్తమ్మ పెట్టిన పచ్చడి కోళ్లకు ఏసింది నేనే. కారం ఎక్కువైంది మామా. మోకాళ్ల నొప్పులని కర్నూలు దవాఖానకు పోయిన అన్న కదా, సినిమాకు పోయిన. ఇగ ఆ ఇత్తడి బిందె..."

"ఏ బిందె?" అంది స్వరూప.

"దొంగలు ఎత్తుకపోయిండ్రన్న కదా. మా అక్క ఇంటి గృహప్రవేశానికి ఇచ్చేసిన."

జమ్ములమ్మ పెట్టిన కేకకు ఏటి మీది కొంగలు లేచాయి. కూతురి పెళ్లికి ఆమె పెట్టిన బిందె అది. దాని కోసం స్వరూప వారం రోజులు ఏడ్చింది, వాళ్లే ఎత్తారనుకుని పక్కింటివాళ్లతో మాటలు మానేసింది, ఇప్పటికీ వాళ్ల మొహం చూడదు.

అప్పుడు, అప్పుడు మాత్రం, స్వరూప అలిగింది. తెల్లవారి లేచినప్పుడు లేని కోపం ఇప్పుడు అరికాలు నుంచి నెత్తిదాకా ఎక్కింది. జగదీశ్‌కు అర్థమైంది, అనవసరంగా నోరు జారానని. అర్థమై ఏం లాభం?

తిమ్మప్ప చెయ్యెత్తాడు. అందరూ నోరు మూశారు. "చెప్పు బిడ్డా. నీకేం గావాలె?"

ఇలా అడిగి, అడిగాక ఇంతమంది ఊరికే ఉండి జవాబు కోసం చూడటం స్వరూపకు కొత్త. అడగడానికి చాలానే ఉన్నాయి. బిందె ఉంది, పక్కింటివాళ్ల ముందు పోయిన మాట ఉంది. కానీ ఎదురుగా ఏరు కనబడుతోంది.

"ఏరు గావాలె పెద్దనాయనా. నేను సచ్చేటందుకు గాదు, సూసేటందుకు. గీడిదాక నేనే తొక్కుకుంట వచ్చిన. గా ఒడ్డు దాక గూడ నేనే తొక్కాలె. ఎవ్వరు ఎనక రావొద్దు. ఎవ్వరు నన్ను ఆపొద్దు, ఏమైందని అడగొద్దు. మల్ల ఇంటిదాక గట్లనే పోత. ప్రతి ఐతారం పోత."

"అంతేనా?"

"నాకు గదే శాన, పెద్దనాయనా."

తిమ్మప్ప చాలాసేపు మీసం దువ్వాడు. ఆయన చేసిన పంచాయతీల్లో ఎవరూ ఇలాంటిది అడగలేదు. తర్వాత హ్యాండిలు పట్టుకున్న ఆడవాళ్లను కసిరాడు, మాసయ్యను ట్రాక్టరు బందు చేయమన్నాడు, జగదీశ్ వైపు తిరిగాడు.

స్వరూప దిగుడులో వదిలేసింది. గాలి, మొరం, ఇసుక. ముందు చక్రం నీళ్లలో మునిగాక కాలు కింద పెట్టింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. రొట్టె తీసి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఒక్కతే తింది.

తిరుగు దారిలో తిమ్మప్ప తీర్పు అమలైంది. జగదీశ్ స్కూటర్ మీద ముందు పోవాలి. ఊరూరా ఆగి, దారిలో నిలబడ్డవాళ్లను పక్కకు జరిపి, చెప్పాలి. ఆమె అలిగి రాలేదని, తప్పంతా తనదేనని, ఏ తప్పో వివరంగా చెప్పాలి. ఊళ్లు ఊరికే వదులుతాయా? ఒక చోట "సినిమా ఏంది, ఎవరితోని పోయినవ్?" అని నిలదీశారు. ఇంకో చోట బిందె సంగతి మొదటి నుంచి మళ్లీ చెప్పించుకున్నారు. ఒక ముసలమ్మ పచ్చడి గురించి చీపురు పట్టుకునే మాట్లాడింది.

ఆ కేకలన్నీ గాలికి కాలువ వెంబడి వెనక్కి కొట్టుకొస్తున్నాయి. స్వరూప ముందు దారి ఖాళీగా ఉంది. మనిషి లేడు, బండి లేదు, ఉత్త మొరం. ఆమె గేరు తగ్గించి, ఇంకాస్త నెమ్మదిగా తొక్కింది.