నిలిపిన పెట్టెలు

ఆసుపత్రులకు కట్టుగుడ్డలు పంపే ఆ కంపెనీలో పాపాత్తి చాలా ఏళ్లు మగ్గం నడిపింది. మోకాళ్లు నొప్పిపెట్టడం మొదలయ్యాక, అందరూ మొదలాళి అని పిలిచే యజమాని సీతారామన్ ఆమెను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆవిరితో శుద్ధి అయ్యాయో లేదో చూసే పరీక్షలో తప్పిన లాట్లను, అంటే ఒకే నంబరున్న పెట్టెల్ని, ‘నిలిపినవి’ అనే షీటులో ఎక్కించడం ఆమె పని. ఆ షీటులో ఉన్న పెట్టె లారీ ఎక్కకూడదు. ఎక్కితే శుభ్రం కాని గుడ్డ ఎవరి పచ్చిగాయం మీదో పడుతుంది.

ఎవరి చెయ్యి తగిలినా ఏదీ చెడకూడదని, ఆ షీటున్న ఫైలు చేసిన రాజ్‌మోహన్ ఒక మ్యాక్రో, అంటే దానంతట అదే నడిచే ఆదేశం, పెట్టాడు. తెరవగానే పైనున్న మెనూ, కింద షీట్ల పేర్లు దాక్కుంటాయి. రెండు బటన్లే మిగులుతాయి. మూసేటప్పుడు అన్నీ తిరిగి వస్తాయి.

ఆ సోమవారం ‘నిలిపినవి’ బటన్ నొక్కగానే ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చి, తెర బిగుసుకుపోయింది. మగ్గంలో దారం తెగితే చెయ్యి స్విచ్ మీదికే పోతుంది. అదే చెయ్యి ఇప్పుడు గోడ మీది స్విచ్ ఆపేసింది.

మళ్లీ ఫైలు తెరిస్తే, మ్యాక్రో నడపాలా అని అడిగింది. భయపడి వద్దంది. మెనూ లేదు, షీట్ల పేర్లు లేవు, బటన్ నొక్కితే చలనం లేదు. మళ్లీ స్విచ్ ఆపింది. మళ్లీ అంతే. శుక్రవారం ఒక లాటును షీటులో ఎక్కించిన సంగతి గుర్తుంది. నంబరు గుర్తు లేదు.

బయట పెట్టెలు ఎక్కిస్తున్నారు.

“పాపాత్తీ, నిలిపింది ఏమన్నా ఉండాదా?” సీతారామన్ వాకిట్లోంచి అడిగాడు.

“చూస్తా ఉండాను మొదలాళీ.”

“అంతసేపు చూసేదానికి అదేమి సీరియలా?”

ఆమె రాజ్‌మోహన్‌కు ఫోన్ చేసింది. అతను సేత్తూరు బస్సులో ఉన్నాడు.

“తంబీ, అంతా పోయినాది. నేనే చెడిపినాను.”

“ఏదీ పోలే అక్కా, దాక్కొని ఉండాది. స్విచ్ ఆపినావా?”

“రెండు తూర్లు.”

“సెరి. అది మగ్గం కాదు అక్కా. స్విచ్ ఆపితే తిరిగి తెచ్చే పని నడవదు. ఫైలు తెరువు. మ్యాక్రో కావాల్నా అంటే కావాల అను. ఆమీద కంట్రోల్, షిఫ్ట్, ఆర్, మూడూ ఒకటిగా నొక్కు.”

“ఉండేదీ పోతే?”

“పోదు. నొక్కు.”

జవాబు కోసం ఆగలేక డ్రైవరు లారీ ఇంజన్ మొదలుపెట్టాడు. పాపాత్తి నొక్కింది. తెర ఒక్కసారి తెల్లబడింది. తర్వాత పైన మెనూ, కింద పేర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. ‘నిలిపినవి’ తెరిచింది. శుక్రవారం లాటు ఎర్రగా ఉంది. నంబరు అరచేతిలో రాసుకుని, ఫోన్ అక్కడే పడేసి బయటికి పరుగెత్తింది. గేటు దాటబోతున్న లారీకి అడ్డం నిలబడింది.

“ఏమి, సావాలనా?” అన్నాడు సీతారామన్.

“దించాల మొదలాళీ. ఈ నంబరు లోపల ఉండాది.”

అట్టడుగున దొరికాయి ఆ పెట్టెలు. సీతారామన్ వాటి నంబరును ఆమె అరచేతితో పోల్చి చూశాడు.

“ఏమీ లేదని ఒక మాట చెప్పి ఉంటే లారీ ఎప్పుడో పోయేదే.”

“ఆ మాట నోటిదాకా వచ్చినాది మొదలాళీ,” అంది పాపాత్తి.

సీతారామన్ మిగిలిన పెట్టెలన్నీ దించమని పనివాళ్లకు, ఒక్కొక్క నంబరూ పైకి చదవమని ఆమెకే చెప్పాడు.