ఒక పొడుగు, రెండు పొట్టి

మా రేవు నడిపే కంపెనీని ఒక పరాయి దేశపు ప్రభుత్వం కొనేసిందని పేపర్లో పడ్డ రోజున మా వీధి వీధంతా రెండు జట్లుగా చీలిపోయింది. "ఉద్యోగాలొస్తాయి" అని సగం మంది, "ఇంటి తాళంచెవి పక్కింటివాడికిచ్చి పడుకుంటామా?" అని సగం మంది. నేను రెండో జట్టు. మా ఆయన ఏ జట్టూ కాదు. ఆయన టగ్గు నడిపే సరంగు. మేడలంత ఓడలను నెట్టుకుంటూ, తాడేసి లాక్కుంటూ గట్టుకు చేర్చే చిన్న పడవే టగ్గు. "నన్ను నెట్టేవాడికి జీతమెవరిస్తున్నారని ఓడ అడుగుతుందా?" అని ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మా ఇల్లు రేవు పైన మెట్ట మీద ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే రేవూ, దాని పక్కనే నేవీ వాళ్ల గట్టూ, అటువైపు ఎవరూ పోకుండా నీళ్లలో వరసగా కట్టిన పసుపు పీపాలూ కనిపిస్తాయి. పెళ్లైన కొత్తలో ఆయనే మొదలుపెట్టారు ఈ ముచ్చట. ఆఖరి ఓడను చేర్చగానే టగ్గు కూత వేసేవారు, ఒక పొడుగు, రెండు పొట్టి. బయల్దేరుతున్నాను, ఎసరు పెట్టు అని దానర్థం. నేను కిటికీలోంచి తువ్వాలు ఊపాలి. విన్నాన్లే మహానుభావా అని దీనర్థం. ఆయన దుర్భిణిలో చూసుకుని మురిసిపోయేవారట. తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "కుళ్లుకోకండిరా, మీరూ ఊపించుకోండి" అనేవారట.

పోయినేడాది నా చెవులు మొరాయించాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే కొంత వింటాను, మిగతాది పెదాలు చూసి అల్లుకుంటాను. దూరపు చప్పుళ్లు మాత్రం పోయాయి. వాటితోపాటు కూతా పోయింది. కొన్నాళ్లు ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించలేదు. తలనొప్పి అనీ, కునుకు పట్టేసిందనీ కబుర్లు చెప్పాను. ఇన్నేళ్లుగా పిలుస్తున్న మనిషికి మీ పిలుపు నాకందట్లేదని ఏ నోటితో చెప్పను? అంతలో ఒక సాయంత్రం కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడితే, వేళ్ల కింద అద్దం జుమ్మంది. ఒక పొడుగు, రెండు పొట్టి! దేవుడున్నాడనుకున్నాను. ఆనాటినుంచీ ఆ వేళకి అద్దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాను.

కంపెనీ చేతులు మారాక మన ప్రభుత్వానికి కంటిమీద కునుకు లేదు. పరాయి ప్రభుత్వం మనుషులు నేవీ గట్టు పక్కనే తిష్ఠ వేశారాయె! రేవులో చీమ చిటుక్కుమన్నా రాసుకోవడానికి భద్రతా ఆఫీసొకటి వెలిసింది. తమ మీద ఎక్కడ అనుమానం వస్తుందోనని కంపెనీవాళ్లు కూడా టగ్గుల రాకపోకల వివరాలన్నీ వాళ్ల ముందు పెట్టేశారు. అందులో మా ఆయన దొరికిపోయారు. సాయంత్రమయ్యేసరికి ఆయన టగ్గు పసుపు పీపాలు దాటొచ్చి, మెట్టవైపు కూత వేస్తోంది. ఎవరికని అడిగితే "కూత పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నాను" అన్నారట. పాసు లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టారు. సంగతి తేలకపోతే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా తప్పదన్నారు.

"పీపాలెందుకు దాటారండీ?" అని నిలదీశాను.

"నీటి ఒరవడికి అటు పోయింది."

నీళ్లను ఆడించే మనిషిని నీళ్లు లాక్కుపోయాయట! నేను నమ్మలేదు.

మర్నాడు భద్రతా ఆఫీసరమ్మ ఇంటికొచ్చింది. చిన్నపిల్లే, మొహం మాత్రం సీలు వేసిన కవరులా ఉంది. బల్ల మీద ఫొటోలు పరిచింది. అన్నిట్లోనూ మా వంటింటి కిటికీ, నా చెయ్యి, తువ్వాలు.

"ఇక్కడ ఎర్రది. ఇక్కడ పచ్చది. ఇది గళ్లది. ఈ రంగులకి అర్థమేంటమ్మా?"

"ఏది ఆరితే అది."

ఆమె నవ్వలేదు. నేను సిగ్గు విడిచి ఎసరు సంగతంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

"నాకు నమ్మాలనే ఉంది. కానీ నా పైవాళ్లు నమ్మాలి కదా. రేపు ఆయన్ని టగ్గెక్కిస్తాం. కంపెనీ మేనేజరు పక్కనే ఉంటారు. పీపాలు దాటకుండా, మామూలు దారిలోనే కూత వేయిస్తాం. ఎప్పుడన్నది చెప్పను. ఆ కూత మీకోసమే అయితే మీరు తువ్వాలు ఊపుతారు. అంతే."

మా ఆయన గబుక్కున అడ్డొచ్చారు. "వద్దు మేడమ్. తప్పు నాదే, అలాగే రాసేసుకోండి" అన్నారు.

"మీరూరుకోండి! నేను ఊపుతాను" అని కసిరాను. అద్దముండగా నాకేం భయం?

మర్నాడు సాయంత్రం ఆఫీసరమ్మ వంటింట్లో నా పక్కనే నిలబడింది. నాకు సాయం చేద్దామనే కాబోలు, "బాగా వినపడుతుందమ్మా" అంటూ కిటికీ రెక్కను బార్లా తీసేసింది. ఏమని చెప్పి మూయమనను? ఊగుతున్న రెక్కనే గట్టిగా పట్టుకున్నాను. వేళ్లకి ఏమీ తెలియలేదు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, సముద్రంవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. కాసేపటికి మళ్లీ అలాగే చూసింది.

"అమ్మా, రెండుసార్లు వేశారు" అంది మెల్లగా.

తువ్వాలు నా భుజం మీదే ఉంది. మొగుణ్ణి నా చేతులారా జైలుకు పంపుతున్నాననిపించి, ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు వినపడదు తల్లీ. ఏడాదైంది. ఆయనకి తెలీదు. నా చెవులకి ఆయన్ని శిక్షించకండి."

"మరి ఇన్నాళ్లూ ఎలా ఊపారు?"

అద్దం సంగతి చెప్పాను. ఆమె రెక్క మూసి, అద్దం మీద అరచెయ్యి ఆనించి, నీళ్లవైపు చాలాసేపు చూసింది. "ఇది ఇక్కడ అదరాలంటే టగ్గు బాగా దగ్గరికి రావాలి" అంది నావైపు తిరిగి. వెంటనే ఫోన్ చేసి వాళ్లను రమ్మంది.

మేనేజరు వెనకాల మా ఆయన తలొంచుకుని వచ్చారు.

"మీ ఆవిడకి వినపడదని మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది ఆఫీసరమ్మ.

ఆయన నావైపు చూశారు. నా కళ్లు చూశాక ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నారు.

"తువ్వాలు రావడం మానేసినప్పుడు అనుమానమొచ్చింది. ఇంటికెళ్తే ఏవేవో సాకులు చెప్పేది. వెనకనుంచి పిలిస్తే తిరిగేది కాదు. అందుకని టగ్గును రోజుకి కాస్త ముందుకు తెచ్చాను. పీపాలు దాటితేగానీ మళ్లీ తువ్వాలు కనపడలేదు."

"ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే సరిపోయేది కదా?"

"చెబితే నాకు తెలుసని దీనికి తెలిసిపోదూ? అంత కష్టపడి దాచుకుంటోంది పాపం."

మేనేజరుకి మన భాష రాదు. ఆఫీసరమ్మ అతని భాషలో రెండు ముక్కలు చెప్పింది. అతను కిటికీ దగ్గరికెళ్లి అద్దాన్ని వేలితో తాకి, మా ఇద్దరికీ తల వంచి బయటికి నడిచాడు.

గూఢచారి కాదని తేలింది. పీపాలు దాటిన తప్పు మాత్రం తప్పే. కొన్నాళ్లు గట్టు మీద తాళ్లు కట్టే పనిలో వేస్తారు, ఆపైన మళ్లీ టగ్గు. కూత మాత్రం ఇక కూడదు. న్యాయమే. ఆ పీపాలు అక్కడుండాల్సిందేనని నేనూ ఒప్పుకుంటాను.

వాళ్లు వెళ్లగానే నా కోపం కట్టలు తెంచుకుంది. "బుద్ధుందా మీకు? దేశద్రోహి అని ముద్ర వేసేవాళ్లు! నా పాడు చెవుల కోసం జైలుకి పోతారా?"

ఆయన కుర్చీ లాక్కుని నాకెదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు.

"దేశానికి కాపలా కాయడానికి చాలామందున్నారే. నీకు నేనొక్కణ్ణే."

"ఏమన్నారు?" అన్నాను.

"వినపడలేదా?"

"వినపడింది. మళ్లీ అనండి."