నిమరకూడని కుక్క

సెర్రో లార్గో గుట్టల గొర్రెలకాపరుల సంఘానికి పర్యవేక్షకుడుగా ఎన్నికైన నాటినుండి ఒలెగారియో తెచేరా మెడకు టై లేకుండా గడప దాటి ఎరుగడు. అధ్యక్షుణ్ణి సైతం నిలదీసే అధికారం ఆ గుట్టలన్నింటిలో అతడికొక్కడికే ఉన్నది. జనం అతణ్ణి ‘సంఘం కాపలాకుక్క’ అనేవారు. వెక్కిరింపుగా పుట్టిన ఆ బిరుదును అతడు గండపెండేరంలా ధరించాడు.

నిజమైన కాపలాకుక్కను అక్కడ పెంచే పద్ధతి వేరు. కళ్ళు తెరవని కూనను తల్లినుండి తప్పించి, ఈనిన గొర్రె పొదుగుకు అందిస్తారు. దొడ్డిలోనే ఉన్ని పరిచి పడుకోబెడతారు. పిల్లలు దానితో ఆడరాదు; మనిషి చెయ్యి దాని తల మీద పడరాదు. పెద్దదయ్యాక అది రోజుకొక్కసారి ఇంటికి వచ్చి, మాంసపు ముక్క నోట కరుచుకొని, తప్పుచేసినట్టు మంద దగ్గరికి పరుగెత్తుతుంది. గొర్రెలే తన వాళ్ళనుకుంటుంది. మనిషికి మరిగిందా, మందను వదిలేస్తుంది. అలా వదిలిన కుక్కను కాల్చివేయాలని సంఘం నిబంధన.

కిందటేడు చలికాలంలో ఆ నిబంధనను నెమేసియా బ్రూమ్ అనే ముసలమ్మ కుక్కపై ప్రయోగించినవాడు ఒలెగారియోయే. ఆమె మనవరాలు దానికి రొట్టె తినిపించినట్టు రుజువుచేసి, తీర్పు నిలబడి చదివాడు.

"పసిపిల్ల చేసిన పనికి కుక్కను చంపుతావటయ్యా?" అన్నదామె.

"చట్టానికి పసిపిల్లలు తెలియరమ్మా," అని టై సర్దుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో అతడి భార్య దెల్మీరా పోయింది. మాట్లాడే మనిషి లేని ఇంటికి ఒక మధ్యాహ్నం, సంఘం మందను కాచే అతడి కుక్క సార్జెంట్ మాంసానికి వచ్చింది. ఏమి తోచిందో, ముక్క అందుకొని పరుగెత్తక గుమ్మంలో నిలబడిపోయింది. ఒలెగారియో దాని తల నిమిరాడు. ఒక్కసారికేమిలే అనుకున్నాడు. మర్నాటినుండి అది అతడి బూటుమీద గడ్డం ఆనించి, అతడు మాతే ఆకు కషాయం తాగడం ముగిసేదాకా వంటింట్లోనే పడుకునేది.

వసంతంలో, అటువంటి ఒక మధ్యాహ్నం, నక్క మూడు గొర్రెపిల్లలను చంపింది.

ఆదివారం ఉన్ని కత్తిరించే కొట్టంలో సభ కూడింది. చచ్చిన గొర్రెపిల్లల లెక్క రాయవలసిన కాగితాన్ని అధ్యక్షుడు ఉర్సీనో పింతోస్ ఒలెగారియో ముందుకు తోశాడు.

"ఏంటన్నా, నక్క వచ్చిన పూట నీ కుక్క సెలవు పెట్టిందా?"

అందరూ నవ్వారు.

"నక్కా లేదు, పాడూ లేదు," అన్నాడు వెనకనుండి ఒకడు. "డేగలు పొడిచి చంపాయని రాయండి. పర్యవేక్షకుల వారు సంతకం గీకితే ఇళ్ళకు పోతాం, ఆకలేస్తోంది."

ఆకాశంనుండి దిగే డేగలకు కుక్క పూచీ కాదు; సంతకం పెడితే సార్జెంట్ బతుకుతుంది. చూసినవాడెవడూ లేడు. నెమేసియా మూలన కూర్చొని అతడినే చూస్తున్నది. ఒలెగారియో కలం మూత బిగించాడు.

"డేగలు కావు. నక్కే. ఆ వేళ కుక్క మంద దగ్గర లేదు. నా వంటింట్లో ఉంది."

"వంటింట్లోనా? ఎందుకొచ్చింది?" అన్నాడు ఉర్సీనో.

"నేను నిమిరాను. ఎండాకాలంనుంచీ నిమురుతూనే ఉన్నాను."

ఉర్సీనో కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"పోనీలే అన్నా," అన్నాడు మెల్లగా. "ఇంట్లో మనిషి పోయినవాడివి..."

"పోనిచ్చేది లేదు. కిందటేడు పోనిచ్చామా? తుపాకీ గుర్రం జీనుకు కట్టి తెచ్చాను. ఇవాళే కానిస్తాను."

నెమేసియా లేచింది.

"ఆ తుపాకీ అక్కడే ఉండనీవయ్యా. నా కుక్కను చంపి నా గొర్రెలకేం ఒరగబెట్టావు? ఏడాదిగా కాపలా లేదు వాటికి. నీదాన్ని నాకివ్వు. వాగు అవతల దొడ్డిలో గొర్రెలతో కట్టేస్తాను. మనిషి పొడ తగలనివ్వను. దారికొస్తే వచ్చింది. రాకపోతే నేనే కాలుస్తా, నీకు కబురు కూడా పెట్టను."

"నిబంధన?" అన్నాడు ఒలెగారియో. ఆ మాటలో మునుపటి గాంభీర్యం లేదు.

"దాన్నే మార్చమంటున్నా. తప్పు చేసిన చెయ్యి ఎవరిదో ఇప్పుడు అందరికీ తెలిసిందిగా."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఒలెగారియో చెయ్యి అన్నింటికన్నా ఆలస్యంగా లేచింది.

మర్నాడు నెమేసియా తాడు తెచ్చింది. ముడి వేస్తుంటే సార్జెంట్ అలవాటుకొద్దీ తల ఎత్తి అతడి అరచేతికోసం చూసింది. ఒలెగారియో చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పిలవకు," అన్నదామె. "పేరెత్తావంటే చేసిందంతా గంగపాలే."

వాగు దాకా కుక్క తాడును వెనక్కి లాగుతూనే ఉన్నది. నీళ్ళ అంచున ఆగి అతడివైపు తిరిగింది. ఒలెగారియో పళ్ళు బిగించి నిలబడ్డాడు. అంతలో అవతలి గట్టున గొర్రె ఒకటి అరిచింది. కుక్క చెవులు నిక్కపొడుచుకున్నాయి. ముసలమ్మ చేతిలోని తాడును ముందుకు గుంజుకుంటూ వాగులోకి దిగింది.