కోటలో వడ్డన

నాంచారమ్మ వేడి అన్నంలో చింతపండు గుజ్జు కలుపుతూ ఉండగానే గరాజ్ తలుపు లేచిన చప్పుడయింది. ఆమెకి యాభై ఏడేళ్ళు. వేళ్ళు కణుపుల దగ్గర లావెక్కాయి. గిన్నెల సబ్బుకి చివర్లు పగిలాయి, ఆ పగుళ్ళలోకి పసుపు దిగి ఎప్పటికీ వదలని రంగైపోయింది. అన్నం కాలుతున్నా చెయ్యి తియ్యలేదు. చల్లారాక కలిపితే పులుపు పట్టదు.

"వదినా, ఆ గుర్రాల ఆట కోటలో భోజనం పెడతారు. టికెట్‌లోనే ఉంది. ఇదంతా ఎందుకిప్పుడు?" అంది తమ్ముడి భార్య నళిని, చెవికి రింగు పెట్టుకుంటూ.

"దారిలో పిల్లాడికి ఆకలేస్తుందేమోనని."

దారిలో ఆ పులిహోర సగం తిన్నది నళినే. అది తర్వాతి సంగతి.

ఈ ఇంట్లో నాంచారమ్మ ఎవరు? ఎడిసన్‌లో ఏ తెలుగువాళ్ళని అడిగినా, డాక్టర్ హరనాథ్ గారి అక్కగారు అంటారు. నిజమే. ఆమె చేసేది మాత్రం వంట, అంట్లు, బట్టలు, పిల్లలు, పార్టీలకి యాభైమందికి గారెలు. జీతమా? సొంత అక్కకి జీతం ఏమిటి, తప్పు కదూ. ఆ "తప్పు కదూ" అన్న మాట మీద మన పెద్దమనుషుల ఇళ్ళు ఎన్ని నడుస్తున్నాయో ఎవరూ పైకి అనరు. దాన్ని ప్రేమ అంటారు, బాధ్యత అంటారు. ఫోటో తీసేటప్పుడు మధ్యలో కూర్చోబెడతారు.

మొగుడు పోయాక ఆమె గుడివాడలో ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. నెల మొదట్లో సంతకం పెట్టి జీతం తీసుకునేది. "నీకెందుకక్కా ఈ చాకిరీ, నా దగ్గర హాయిగా ఉండు" అని తమ్ముడు కాగితాలు పెట్టి, డెబ్భై తొమ్మిదిలో అమెరికా రప్పించాడు. చాకిరీ పోలేదు. జీతం పోయింది.

ఏడేళ్ళు ఆమె ఆ మాట అనుకోలేదు. రెండు వారాల కిందట ఓక్ ట్రీ రోడ్‌లో మిఠాయి, కారప్పూస అమ్మే శాంతిబెన్ అనుకునేలా చేసింది. ఆ గుజరాతీ ఆవిడ వచ్చీరాని హిందీకి చేతి సైగలు కలిపి, నా దగ్గర పనికి రా, పైన గది ఉంది, వారం వారం చెక్ ఇస్తాను అంది. నాంచారమ్మ నవ్వి తోసేసింది. డాక్టరు అక్క షాపులో శనగపిండి పిసికితే తమ్ముడి పరువేం కావాలి? శాంతిబెన్ వదల్లేదు. సోమవారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకో మనిషిని పెట్టుకుంటాను అంది.

రేపే సోమవారం. మొన్న శుక్రవారం నళిని తమ్ముడు కృష్ణమోహన్ ట్రాయ్ నుంచి దిగాడు. అక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. భార్యకి వచ్చే నెలలో పురుడు. అతనెందుకొచ్చాడో నాంచారమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. కడుపుతో ఉన్న భార్యని వదిలి ఎవడూ ఊరికే గుర్రాల ఆట చూడ్డానికి రాడు.

స్టేషన్ వాగన్‌లో ఆమె చోటు అన్నిటికన్నా వెనక, వెనక్కి తిరిగి ఉండే సీటు. పక్కన తమ్ముడి కొడుకు, తొమ్మిదేళ్ళ రాజ్. అందరూ ముందుకి చూస్తూ పోతుంటే ఈమె వెళ్ళిపోతున్న రోడ్డుని చూస్తూ పోతుంది. ఆదివారం కదా, చర్చి బట్టల్లో జనం. ఈమెకి చీర మీద స్వెట్టర్, మడమల పగుళ్ళు కనపడకుండా సాక్సు, మేనకోడలు మీనా బిగుతయ్యాయని వదిలేసిన తెల్ల బూట్లు. ఒళ్ళో పులిహోర డబ్బా వెచ్చగా ఉంది.

కోట అంటే ప్లైవుడ్ మీద సిమెంటు పూసిన కోట. హైవే పక్కన, టైర్ల షాపుకి అవతల. లోపల మాత్రం చీకటి, దివిటీల్లాంటి లైట్లు, మధ్యలో ఇసక మైదానం. తలుపు దగ్గర ఒకడు అందరి నెత్తిన కాగితం కిరీటాలు పెట్టాడు. వీళ్ళకి పసుప్పచ్చ. పసుప్పచ్చ గుర్రపువాడు గెలవాలని వీళ్ళు అరవాలి, అవతల ఎర్రవాళ్ళు వాళ్ళవాడి కోసం అరవాలి. మైకులో రాజుగారు మాట్లాడాడు. ఈ పూటకి మీరంతా నా ప్రభువులు, వడ్డించేవాళ్ళంతా మీ దాసీలు అన్నాడు. నాలుగొందల మంది చప్పట్లు కొట్టారు. సోమవారం పొద్దున్న వీళ్ళలో సగం మంది ఇంకొకడి ముందు చేతులు కట్టుకు నిలబడేవాళ్ళే.

ఫోర్కులు లేవు. ఆ కాలంలో లేవట, అందుకని ఇక్కడా ఇవ్వరట.

"చేత్తోనే తినాలి, ఎంత ఫన్నో," అంది నళిని, కోడి కాలు విరుస్తూ. ఇంటికి తెల్లవాళ్ళొస్తే "వదినా, వాళ్ళ ముందు చేత్తో తినకండి" అని ఈమె కంచం కిచెన్‌లోకి మార్పించే నళినే.

నాంచారమ్మ నవ్వుకుంది. రాజ్ కంచంలో ఎముకలు ఏరి, మాంసం చిన్న ముక్కలు చేసి పెట్టింది. ఉప్పూ కారం లేదు దానికి. కింద నల్లగుర్రం ఇసకలో లద్దె వేసింది. జనం బల్లెం పట్టుకున్నవాణ్ణి చూస్తున్నారు. పక్క తలుపులోంచి ఒకడు పార పట్టుకొచ్చి లద్దె ఎత్తుకుపోయాడు. వాడికి రంగూ లేదు, కిరీటమూ లేదు. ఆమె వాణ్ణి తలుపు మూసుకునేదాకా చూసింది.

హరనాథ్ ముందుకి వంగాడు. "అక్కా, నీకు చెప్పనేలేదు కదూ. మంగళవారం నీకు ఫ్లైట్. మోహన్ వాళ్ళింటికి."

"ఎన్నాళ్ళు?"

"ఓ ఏడాది. బేబీ కాస్త నిలబడేదాకా. నీకూ చేంజ్ లాగా ఉంటుంది."

"ఆ తర్వాత?"

కృష్ణమోహన్ నవ్వాడు. మంచివాడే, నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. "తర్వాత షాంటిలీలో మా తోడల్లుడు క్యూలో ఉన్నాడు వదినగారూ. అప్పుడే బుక్ చేసేశాడు. మీకు ఫుల్ డిమాండ్."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వడం కూడా ఆ ఇంట్లో ఆమె పనుల్లో ఒకటి. మూతి మాత్రం ఒక పక్కకే కదిలింది.

పసుప్పచ్చవాడు ఓడిపోయాడు. రాజ్ ఏడుపు మొహం పెట్టాడు. తినడం అయింది, నాంచారమ్మ లేచింది. లేచినట్టు ఆమెకే తెలియదు. రాజ్ కంచంలోకి మీనా కంచం, దాని మీద నళినిది, ఎముకలన్నీ ఒక పక్కకి, లోటాలు ఒకదాంట్లో ఒకటి. వడ్డించే పిల్ల పరుగున వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి, మొహం నిండా మచ్చలు, నెత్తిన తెల్ల టోపీ, నేల ఊడ్చే గౌను.

"నో, నో, మై లేడీ," అని దొంతర మీద చెయ్యి వేసింది. "అది నా పని. మీరు కూర్చోండి."

"అత్తా, స్టాప్. అందరూ చూస్తున్నారు," అంది పద్నాలుగేళ్ళ మీనా, కిరీటం కళ్ళమీదికి లాక్కుని.

నాంచారమ్మ కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల ముందున్నదంతా ఎత్తి, బల్ల తుడిచి వెళ్ళేదాకా అలాగే ఉంది. ఏడేళ్ళలో ఆమె ముందు బల్ల ఇంకొకరు తుడవడం అదే మొదటిసారి.

బయట ఇంకా వెలుతురుంది. హరనాథ్ కారు తేవడానికి వెళ్ళాడు, మిగిలినవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. వెనక తలుపు తెరుచుకుని ఆ పిల్లే వచ్చింది. జీన్స్ వేసుకుంది. తెల్లటోపీ సంచిలో కుక్కి, సిగరెట్ ముట్టించి, తాళాలు తిప్పుకుంటూ డొక్కు కారెక్కింది. ఈమెని చూసి చెయ్యి ఊపింది.

"ఆ పిల్ల ఎక్కడికెళ్తోందే?" అంది నాంచారమ్మ.

"హోమ్‌కి. షిఫ్ట్ అయిపోయింది," అంది మీనా.

"అయిపోతే వెళ్ళిపోవచ్చా? రాజుగారు ఏమీ అనడా?"

మీనా ఆమె వంక వింతగా చూసింది. "వాడు రాజు కాదు అత్తా. జాబ్ కదా. అయిపోతే ఎవ్రీబడీ గోస్ హోమ్."

తిరుగు ప్రయాణంలో రాజ్ ముందు సీట్లో నిద్రపోయాడు. మీనా వెనక సీట్లోకి వచ్చి అత్త పక్కన కూర్చుంది. కోట చిన్నదై, టైర్ల షాపు వెనక్కి పోయింది. నాంచారమ్మ వాళ్ళవైపు తిరగకుండానే, గట్టిగా అంది.

"హరీ, నా గ్రీన్‌కార్డ్ ఎక్కడుంది?"

"ఫైల్‌లో భద్రంగా ఉందక్కా. ఎందుకు?"

"నా దగ్గర ఉంచుకుంటాను."

"నీకెందుకు, పారేసుకుంటావు."

"ఏడేళ్ళల్లో నీ ఇంట్లో ఏం పారేశాను?"

"ప్రయాణం కదా బావా, ఇచ్చేయండి. ఎయిర్‌పోర్ట్‌లో అడిగినా అడుగుతారు," అన్నాడు కృష్ణమోహన్. హరనాథ్ సరేనన్నాడు. ఇంటికి రాగానే కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు కూడా. దాని మీద ఫోటోలో ఆమె జుట్టు ఇంకా నల్లగా ఉంది. ఆమె దాన్ని రవికలో పెట్టుకుంది.

సోమవారం నళిని కిందికొచ్చేసరికి కాఫీ లేదు. స్టవ్ చల్లగా ఉంది. మీనా ఒక్కతే కూర్చుని సీరియల్ తింటోంది. తన బూట్లకి తడిగడ్డి అంటుకుని ఉంది.

"అత్త ఏదే?"

"వెళ్ళింది. ఓక్ ట్రీ రోడ్‌కి. శాంతి ఆంటీ షాప్‌కి." మీనా స్పూన్ తిప్పింది. "సూట్‌కేస్ నేను క్యారీ చేశాను. హెవీ కాదు."

హరనాథ్ టై కట్టుకుంటూ మెట్ల మీద ఆగిపోయాడు. "కోపమొచ్చిందా అక్కకి?"

"కోపం లేదు డాడీ. జాబ్ ఉంది."

"ఆవిడకి జాబెందుకు?" అన్నాడు హరనాథ్. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"మరి రేపటి టికెట్?" అన్నాడు కృష్ణమోహన్.

నళిని సింక్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. గట్టు మీద పెద్ద స్టీలు గిన్నెలో రాత్రి నానబోసిన పొట్టు మినప్పప్పు, అలవాటు కొద్దీ నాంచారమ్మ చేతులే పోసినది, రాత్రంతా నీళ్ళు పీల్చి, ఉబ్బి, నల్ల పొట్టు వదిలి, గిన్నె అంచు దాటి గింజా గింజా జారుతోంది.