సత్తు పడవ, దూది సంచీ

ఆవిడ చెప్పాపెట్టకుండా పోయింది. తప్పు ఆవిడదే.

ఈ విషయంలో అతనికి రెండో అభిప్రాయం లేదు. ఇరవై రెండేళ్ళు అతని చెక్కపడవ పలకల సందుల్లో దూది కుక్కి, పైన తారు పూసింది ఆవిడ. ఏ సందులో ఎంత దూది పడుతుందో ఆవిడ వేళ్ళకే తెలుసు. ఆ కిటుకు మొగుడికి చెప్పకుండా మూడు రోజుల జ్వరంతో దాటిపోయింది. ఆ తర్వాత అతనే కుక్కాడు. తక్కువ కుక్కితే నీళ్ళు కారాయి. ఎక్కువ కుక్కితే పలకలే విచ్చుకున్నాయి. రెండేళ్ళు తిరక్కుండానే పడవ రేవులో, పట్టపగలు, అందరూ చూస్తుండగా, బర్రె మడుగులో కూర్చున్నంత తాపీగా నీళ్ళలో కూర్చుంది.

రేవులో అతన్ని చేపముల్లు అంటారు. గొంతులో అడ్డం పడితే లోపలికి దిగడు, బయటికి రాడు అని. ఎదురుగా ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఒక్క బావమరిదికే ఉంది. ఆ బావమరిది దర్జీ. సముద్రం మీదికి ఎన్నడూ పోడు గాని, సముద్రం గురించి అతనికి తెలియనిది లేదు.

కూతురికి ఇరవై నాలుగు. తల్లి పోయినప్పటి నుంచి తండ్రితో పడవెక్కుతోంది. ఒడ్డు కనబడని లోపలి నీళ్ళలో వల లాగాలంటే ఒకరు వల మీద, ఒకరు ఇంజన్ మీద ఉండాలి. కూతురు రాకపోతే అతని వేట ఒడ్డు పక్కన చిన్న చేపలకే పరిమితం. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను పైకి అనడు. ఆమె అనిపించదు. పడవ మునిగిన వారానికి, చేపలు శుభ్రం చేసే బల్ల దగ్గర కత్తి ఆపి ఆమె తేల్చి చెప్పింది.

"నాన్నా, మళ్ళీ చెక్కపడవ కొంటే మళ్ళీ దూది కుక్కాలి. నేను కుక్కను. అమ్మ వేళ్ళు చూశాను. సత్తు పడవ కొంటే నీతో వస్తా. లేదంటే సోమవారం నుంచి ఐసు ఫ్యాక్టరీలో చేరతా."

"అన్నం వండుకునే గిన్నెలో సముద్రం మీదికి పొమ్మంటావా?"

"అమ్మతోనూ ఇదే అన్నావు. తొమ్మిదేళ్ళు."

అన్నాడు. ఆవిడ ఏటా తారు అంటిన వేళ్ళని కిరసనాయిలులో ముంచి రుద్దుకుంటూ, సత్తు పడవలకి సందులుండవట, ఒకటి కొందామని అడగడమూ, అతను గిన్నె, మూత, గరిటె అని ఎగతాళి చేయడమూ నిజమే. కాని ఆ మాట ఇప్పుడు ఎత్తాల్సిన పని కూతురికి లేదు. అతను చేప తలకాయలు బకెట్లోకి విసిరి లేచిపోయాడు.

శనివారం పొద్దున్నే మాత్రం అందరికంటే ముందు తయారై గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన సంచీ.

సత్తు పడవలు చేసే షెడ్డు ఊరి చివర, నీళ్ళకి ఆనుకుని ఉంది. రేకుల కప్పు, నేలనిండా మెరిసే లోహపు రజను. అక్కడ అధికారం వెల్డరుది. పొట్టిగా, గట్టిగా, ముఖానికి కట్టుకున్న ముసుగు నుదుటి మీదికి తోసుకుని వచ్చిందావిడ.

"ఆ సంచీలో ఏముంది పెద్దాయనా?"

"దూది."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"నాకు కాదు. పడవకి."

"మా పడవకి దెబ్బెప్పుడు తగిలింది?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "మా బావ పెళ్ళికి పోయినా సుత్తి పట్టుకుపోతాడమ్మా. మీరేమీ అనుకోవద్దు."

చేపముల్లు వినలేదు. ఎవరికోసమో చేసి దిమ్మల మీద నిలబెట్టిన పడవ కిందికి నాలుగు కాళ్ళ మీద దూరాడు. చెవి ఆనించి వేలి కణుపుతో తట్టాడు. చెక్కయితే ఎక్కడ పుచ్చిందో ఆ చప్పుడే చెబుతుంది. ఇది బడిగంటలా మోగింది. ఉలిక్కిపడి లేచేసరికి అడుగుకి తల తగిలి ఇంకోసారి మోగింది. సందు కోసం గోరు పెట్టి ముక్కు నుంచి తోక దాకా గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. మళ్ళీ తోక నుంచి ముక్కు దాకా వచ్చాడు.

"నాన్నా, ఏం పోగొట్టుకున్నావు?"

"సందు."

"లేదు పెద్దాయనా," అంది వెల్డరు వంగి చూస్తూ. "రేకుని రేకుతో కరిగించి అతికించాను. అదీ ఇదీ ఇప్పుడు ఒకటే రేకు."

"మరి దూది ఎక్కడ కుక్కాలి?"

ఈ ప్రశ్న ఆ షెడ్డులో అంతకు ముందు ఎవరూ అడిగినట్టు లేదు. వెల్డరు కూతురి వైపు చూసింది. కూతురు కప్పు రేకుల వైపు చూసింది.

"చెవుల్లో పెట్టుకో బావా," అన్నాడు బావమరిది. "ఇంజన్ గోల తగ్గుతుంది."

అమ్మకానికి రెండు పడవలున్నాయి. రెండూ షెడ్డు వెనక నీళ్ళలో కట్టేసి ఉన్నాయి. ఒకటి వెడల్పుగా, చదునైన అడుగుతో, మెత్తటి సీట్లతో, నీడకి గుడారంతో ఉంది. రేకుల్ని రివెట్లు కొట్టి కలిపారు. ఎవరో వాడి తిరిగిచ్చింది. రెండోది వెల్డరు స్వయంగా చేసింది. దాని అడుగు ముక్కు దగ్గర గొడ్డలి అంచులా లోతుకి దిగి, వెనక్కి పోయేకొద్దీ పరుచుకుంటుంది. అంచులు ఎత్తు. కూర్చోడానికి ఒక్క రేకు బల్ల.

బావమరిది మెడలో ఉన్న టేపు తీసి రెండింటినీ కొలిచాడు. "ఇది పెళ్ళి సోఫా. అది ముసలమ్మ మొహం. నడుము మరీ సన్నం, బావా. బిగుతవుతుంది. ఊపిరాడదు."

"నువ్వు కొలిచేది పడవని. జాకెట్టుని కాదు."

అతని దగ్గర అతని కొలత ఉంది. సంచీలోంచి రాగి గ్లాసు తీసి అంచుదాకా నీళ్ళు నింపాడు. వాళ్ళ రేవులో పడవ కొనే పద్ధతి అది. గ్లాసు మధ్యలో పెట్టి, పడవ అంచు మీద రెండు కాళ్ళతో నిలబడాలి. నీళ్ళు ఒలికితే పడవ పనికిరాదు. ఒలక్కపోతే పనికొస్తుంది. అతని మామ అలాగే కొన్నాడు. మామ మామా అలాగే కొన్నాడట.

వెల్డరు గ్లాసు చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "రాగిని అడుగున వదలకండి పెద్దాయనా. ఉప్పునీళ్ళు తగిలిన చోట రాగి ఈ రేకుని కొరుక్కు తినేస్తుంది. ఎవరైనా చేత్తో పట్టుకోండి."

పట్టుకునే పని బావమరిదికి పడింది. చదునుపడవ మధ్యలో సోఫా మీద అతను గ్లాసుతో కూర్చున్నాడు. చేపముల్లు అంచెక్కి నిలబడ్డాడు. ఒక్క చుక్క ఒలకలేదు. లోతుపడవలో రేకు బల్ల మీద కూర్చోబెట్టి అంచు మీద కాలు మోపాడో లేదో, అది పక్కకి ఒరిగి గ్లాసుడు నీళ్ళూ దర్జీ ఒళ్ళో పోసింది.

"అయిపోయింది," అన్నాడు చేపముల్లు. "చదునుదే."

"రేవులో అలలెక్కడున్నాయి పెద్దాయనా?" అంది వెల్డరు. "ఆ రాళ్ళకట్ట దాటి చూడండి. అక్కడ కూడా ఇదే మాటంటే నేను మారు మాట్లాడను."

"దాటితే దాటుదాం. నువ్వూ వస్తావా?"

"నేనెందుకు? నాకు తెలుసుగా."

ముగ్గురూ చదునుపడవలో బయల్దేరారు. రాళ్ళకట్ట దాకా ప్రయాణం రాజభోగం. బావమరిది కాళ్ళు చాపుకుని, టిఫిను డబ్బా మూత తీసి, అటూ ఇటూ చేతులూపాడు. కట్ట దాటగానే మొదటి అల వచ్చింది. పడవ దాని మీదికెక్కి, ఆ పక్కన దభీమని పడింది. పళ్ళు టకటకలాడాయి. రెండో అలకి టిఫిను డబ్బా గాల్లోకి లేచింది. మూడో అలకి బావమరిది లేచాడు. డబ్బా ముందు దిగింది, అతను దాని మీద దిగాడు.

"బావా! నా వెన్ను!"

"ఉందా?"

"ఉంది!"

"అయితే గట్టిగా పట్టుకో!"

ప్రతి అలకీ పడవ అడుగు చదునుగా నీళ్ళని చెంపదెబ్బ కొడుతోంది. నీళ్ళు తిరిగి అంతకంత కొడుతున్నాయి. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో రివెట్ల వరుసలో ఒకచోట దారమంత నీటి ధార లోపలికి చిమ్మింది.

చేపముల్లు ఇంజన్ తగ్గించాడు. వంగి చూశాడు. రేకుకీ రేకుకీ మధ్య గోరు పట్టేంత సందు. ఆ ఉదయం మొదటిసారి అతని మొహం విప్పారింది. చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. ఇంత దూది తీసి రెండు వేళ్ళ మధ్య పురి పెట్టడం మొదలుపెట్టాడు.

"నాన్నా," అంది కూతురు. "ఆ చెయ్యి వెనక్కి తియ్యి."

"చిన్న సందేనే. ఇంత కుక్కితే చాలు."

"ఎంత?"

అతను వేళ్ళ మధ్య దూది వైపు చూశాడు. ఎంతో అతనికి తెలియదు. ఎన్నడూ తెలియలేదు. రెండేళ్ళుగా తెలియదు. ధార అతని మోకాలి మీద పడుతోంది. అతను దూదిని సంచీలోకి తోసి పడవ వెనక్కి తిప్పాడు.

ఒడ్డున వెల్డరు గెలిచానని చెప్పలేదు. లోతుపడవ తాడు విప్పి చేతికిచ్చింది. బావమరిది నడుం పట్టుకుని ఒడ్డునే కూలబడ్డాడు. "నేను రాను. నాకు పిల్లలున్నారు."

"పెద్దవాళ్ళయ్యారుగా. ఎక్కు. గ్లాసు ఎవరు పట్టుకుంటారు?"

ఎక్కాడు. గ్లాసు నింపారు. పడవ రేవులో ఉన్నంతసేపూ అటు ఒరిగి ఇటు ఒరిగి, సగం నీళ్ళు దర్జీకి అప్పగించింది. రాళ్ళకట్ట దగ్గర చేపముల్లు కాళ్ళు ఎడం పెట్టి, దవడ బిగించి, ఇంజన్ పెంచాడు. మొదటి అల వచ్చింది. అతను దెబ్బకి సిద్ధమయ్యాడు. దెబ్బ పడలేదు. కత్తెర కొత్త గుడ్డలో పోయినట్టు ముక్కు అలలోకి పోయింది. నీళ్ళు రెండు పక్కలా విచ్చుకుని రెక్కల్లా లేచాయి. పడవ ఆ పక్కన మెత్తగా దిగింది. రెండో అల. అంతే. మూడోది పెద్దది. అంచు మీంచి ఒక బకెట్టు నీళ్ళు లోపల పడి, వెనక ఉన్న రెండు కన్నాల్లోంచి వాటంతటవే బయటికి పోయాయి.

"చూశావా నాన్నా, తోడక్కర్లేదు!" అని అరిచింది కూతురు.

"గ్లాసు!"

బావమరిది కళ్ళు గట్టిగా మూసుకుని, గ్లాసు తలకంటే ఎత్తుగా పట్టుకుని ఉన్నాడు. మిగిలిన సగం నీళ్ళు సగం గానే ఉన్నాయి.

చేపముల్లు ఇంజన్ ఇంకా పెంచాడు. పెంచాల్సిన పని లేదు. ఒక చుట్టు తిప్పాడు. తిప్పాల్సిన పని అంతకంటే లేదు. తమ పడవ లేపిన అలనే తాము దాటి, ఇంకో చుట్టు తిప్పాడు. మూడో చుట్టులో అతని నోట్లోంచి ఏదో చప్పుడొచ్చింది. తలుపు బందు కిర్రుమన్నట్టుంది. బావమరిది ఒక కన్ను తెరిచాడు.

"ఇంజన్ పాడైంది బావా!"

ఇంజన్ పాడవలేదు. అతను నవ్వుతున్నాడు. చాలాకాలంగా వాడని సరుకు కావడంతో ముందు ముక్కలుగా వచ్చింది. తర్వాత దారిన పడింది. పొట్ట పట్టుకుని, ఉప్పునీళ్ళు కళ్ళలో పడి, చుక్కాని ఒంటిచేత్తో తిప్పుతూ నవ్వాడు. కూతురికి నవ్వు అంటుకుంది. ఏమీ అర్థం కాని బావమరిదికీ అంటుకుంది. గ్లాసు ఊగింది, నీళ్ళు ఒలికాయి, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు చేపముల్లు నిటారుగా నిలబడి, ఆకాశం వైపు తలెత్తి, సముద్రమంతా వినబడేలా కేకేశాడు.

"ఒక్క సందు లేదే! ఒక్కటంటే ఒక్కటి లేదే, మొండిదానా! నువ్వే గెలిచావే!"

"ఎవరితో బావా?" అన్నాడు బావమరిది మెల్లగా.

"ఇంజన్‌తో."

"ఇంజన్ని ఏమే అంటారా?"

"నా ఇంజన్. నా ఇష్టం."

కూతురు మొహం నీళ్ళ వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోందో ఏమిటో అతను చూడలేదు. చూడదలచుకోలేదు. పడవని ఒడ్డు వైపు తిప్పాడు. రేవులోకి వచ్చేసరికి మొహం మళ్ళీ ఎప్పటిలాగే గడియ వేసి ఉంది.

"ఇదే," అన్నాడు వెల్డరుతో. "ఆ బల్ల మరీ గట్టి."

అంతకు మించి పొగడ్త అతని దగ్గర లేదని ఆవిడకెవరో చెప్పినట్టున్నారు. తలూపింది.

బల్ల సంగతి బావమరిది చూసుకున్నాడు. సంచీలో దూదంతా నింపి గట్టి గుడ్డతో దిండు కుట్టాడు. చేపముల్లు రోజూ దాని మీదే కూర్చుని లోపలి నీళ్ళలోకి పోతాడు. రాగి గ్లాసు ఇంట్లో కిటికీలో ఉంటుంది. ఇంజన్ దగ్గర కూతురు ఉంటుంది. ఐసు ఫ్యాక్టరీకి ఐసు కోసమే పోతుంది.

కాని బావమరిది నోరు బావమరిది నోరే. దుకాణానికి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ఆ కేక కథ చెప్పాడు. వారం తిరిగేసరికి రేవంతా ఇంజన్‌లని ఏమే, ఒసే అని పిలవడం మొదలుపెట్టింది. ఒకరోజు వలలు ఆరబెట్టే చోట పదిమంది మధ్య బావమరిదే అతన్ని కదిలించాడు.

"బావా, ఒక్కసారి చెప్పు. ఆ రోజు ఏమన్నావో నీ నోటితో విందామని వీళ్ళ సరదా."

చేపముల్లు వల ముడి విప్పడం ఆపలేదు. తలెత్తలేదు.

"నేనేమీ అనలేదు. గాలి అంది. దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడను. ఇవాళే కాదు, ఎప్పుడూ మాట్లాడను."