వినిపించని బుస

మా ప్రొఫెసర్ గారి పాఠం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రోగి మంచం చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, ఒక్కొక్కరిచేత రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టించి, "వినిపించిందా?" అంటారు. ఏం వినాలో, ఎక్కడ వినాలో మాత్రం చెప్పరు. అడిగితే, "మీ వయసులో నేనెవర్నీ అడగలేదు" అంటారు. ముందుగా వినేది మా క్లాసు ఫస్టు. వాడు "వినిపించింది సార్" అనడమే ఆలస్యం, వెనకున్న వాళ్లందరం గంగిరెద్దుల్లా తలలూపేస్తాం. ఇదీ మా చదువు.

ఆ రోజు మంచం మీదున్న పెద్దాయనకి గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. రెండు చప్పుళ్ల మధ్య సన్నటి బుస వినపడాలట. చొక్కా విప్పించడంతో ఆయన చలికి ముడుచుకుని కూర్చున్నాడు. క్లాసు ఫస్టు విన్నాడు, మిగతావాళ్లు తలలూపారు. నా వంతొచ్చింది. ఊపిరి బిగపట్టి విన్నాను. మామూలు చప్పుడే.

"వినిపించిందా?"

"లేదు సార్."

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. కానీ రేపు డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరి వెనక నిలబడి తలూపను?

"అందరికీ వినిపించింది. నీ చెవులకేమొచ్చింది?"

"చెవులు బాగానే ఉన్నాయి సార్. ఎక్కడ పెట్టాలో, ఏది బుసో ఒక్కసారి చూపించండి. వింటాను."

"ఇదేమన్నా ఎల్‌కేజీయా, చెయ్యి పట్టుకుని దిద్దించడానికి? బయటికి నడు. వినిపించాక రా. అప్పటిదాకా నీకు సంతకం పెట్టను."

ఆ సంతకం లేకపోతే పరీక్ష లేదు, ఏడాదంతా గంగలో కలిసినట్టే. నాకు ఒళ్లు మండింది.

"రోగి లోపలుంటే, బయట నిలబడి ఏం వినమంటారు సార్?"

ఆయన నా వైపు చూడకుండా పక్క మంచానికి వెళ్లిపోయారు. అందరూ ఆయన వెంట కదిలారు. నేను కదల్లేదు. పెద్దాయన భుజాల మీద దుప్పటి కప్పి, "ఇంకోసారి వినొచ్చా తాతా?" అని అడిగాను.

"వినమ్మా. తొందరేముంది" అన్నాడాయన.

స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోబోతుంటే క్లాసు ఫస్టు వెనక్కొచ్చాడు. వంగి, గుసగుసగా, "నాకూ ఏం వినిపించలేదే. ఎప్పుడూ వినిపించదు" అన్నాడు.

ఇన్నాళ్లూ మేం తలలూపింది వీడి అబద్ధానికన్నమాట. చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది.

"నాకెందుకు చెప్తావ్? పోయి ఆయనకి చెప్పు."

వాడు అటు తిరిగాడు. పక్క మంచం దగ్గర ప్రొఫెసర్ గారు అప్పుడే "వినిపించిందా?" అంటున్నారు. క్లాసు ఫస్టు లేకపోవడంతో ముందు నోరు విప్పేవాళ్లే లేరు.

"సార్" అన్నాడు వీడు ఇక్కణ్నుంచే. "ఇందాక నాకు ఏమీ వినపడలేదు. అబద్ధం చెప్పాను."

ఆయన మొహం మాడిపోయింది. సంతకం ఇప్పుడు మా ఇద్దరికీ లేదు. పక్కకి జరిగి, వాడికి కూడా చోటిచ్చాను.