గోడ దగ్గర ఆగే సీటు

పొద్దున్నే పాలాయన నిద్రపోతూ వస్తాడు. నిద్రపోతూ అంటే ఆవులిస్తూ కాదు, నిజంగానే గుర్రుపెడుతూ. కాళ్ళు వాటంతటవి తొక్కుతుంటాయి, సైకిలు ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతుంది, ఆ కుదుపుకి మెలకువొచ్చి క్యాను మూత తీస్తాడు. తోలు సీటు కదా మరి. కొత్తలో రాయిలా ఉండి కూర్చున్నవాణ్ణి ఏడిపిస్తుంది. కొన్ని వారాలు ఓర్చుకుంటే వాడి ఒంటినీ వాడి దారినీ నేర్చుకుని మెత్తబడుతుంది. ఆ తర్వాత తొక్కడం ఒక్కటే మనిషి పని. పడకుండా నిలబెట్టడం, మలుపులు తిరగడం సీటు చూసుకుంటుంది. లెక్కల మాస్టారు దారిపొడుగునా పరీక్ష పేపర్లు దిద్దుకుంటాడు. గుమాస్తా ఒకాయన ఇల్లు మారిన వారానికి, సీటు తీసుకెళ్ళింది కదా అని పాత ఇంటికే పోయి, కొత్తగా దిగినవాళ్ళిచ్చిన కాఫీ తాగి, చొక్కా విప్పి తగిలించడానికి కొక్కెం కనపడక అప్పుడు సిగ్గుపడ్డాడు.

ఇవేవీ ఆ వీధిలో వింతలు కావు. వింత అల్లా, ముప్పై దాటినా సైకిల్ తొక్కడం రాని మనిషి ఒకరుండటమే. ఆ సంగతి ఆ మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ నర్సు.

చిన్నప్పుడు బడి గేటు ముందు సైకిల్‌తో సహా మురిక్కాలవలో పడింది. బడంతా నవ్వింది. లేచి జడ పిండుకుంటూ ఇంటికి నడిచింది, ఇక నడుస్తూనే ఉంది. మొన్న డిస్పెన్సరీలో ఇంటింటికీ తిరిగి కట్లు కట్టే నర్సు కావాలన్నప్పుడు, డాక్టరమ్మ "సైకిల్ వచ్చా?" అనడిగింది. "అదేం ప్రశ్న మేడమ్," అని నవ్వింది నర్సు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఉద్యోగం వచ్చింది. దానితోపాటు నిగనిగలాడే తోలు సీటున్న కొత్త సైకిలూ వచ్చింది.

ఆరోజు నుంచీ ఆవిడ సైకిల్ని పెళ్ళికూతుర్ని నడిపించినట్టు పక్కనే నడిపించుకుంటూ ఊరంతా తిరిగింది. ఎవరైనా అడిగితే చైన్ ఊడిందనేది. లేదా గాలి పోయిందనేది. ఒకే రోజు రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పి, ఆ ఇద్దరూ కూరల బండి దగ్గర కలుసుకుని మాట్లాడుకుంటుంటే తల తిప్పుకుని పక్క సందులోకి దూరింది.

అబద్ధాలకి సీటు ఒక్కటే లొంగలేదు. ఎక్కి తొక్కితే కదా మెత్తబడటానికి. నర్సు దాని అడుగున మైనం రాసింది. గుడ్డ చుట్టిన సుత్తితో బాదింది. వరండాలో స్టాండు వేసి, దానిమీద కూర్చుని టీ తాగింది. కదలని సీటు ఏం నేర్చుకుంటుంది? వరండా నేర్చుకుంది. రోడ్డు మీదకి తీసుకెళ్తే వెనక్కి వెనక్కి లాగుతుండేది.

అంతలో డాక్టరమ్మ కబురు చెప్పింది. వచ్చే నెల మొదటి సోమవారం తనూ సైకిల్ మీద నర్సుతో పాటు ఇళ్ళకి వస్తుందట. పని నచ్చితే ఉద్యోగం ఖాయం.

నర్సుకి అన్నం సయించలేదు. చెల్లెలింట్లోనే ఉంటోంది కాబట్టి అది చెల్లెలి మొగుడి కంట్లో పడింది. అతను టైలరు. సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా ఎదుటివాళ్ళని మాటల్లోకి ఎక్కిస్తాడు.

"ఏంటొదినా, ఉద్యోగం వచ్చిందా, జ్వరం వచ్చిందా?"

"ఆ సీటు మరిదీ. మరీ గట్టిగా ఉంది. నువ్వు కాస్త తొక్కి మెత్తబెట్టి పెట్టకూడదూ?"

"నేను కూర్చుంటే నా కొలతకి మెత్తబడుతుంది. నా కొలతలు వేరు, నీ కొలతలు వేరు." ప్యాంట్లు కుట్టేవాడు కదా, మొహమాటం లేదు.

"కొలతలు నేను సర్దుకుంటాను గానీ, డిస్పెన్సరీ వెనక వీధుల్లోనే తిప్పు. అటే తిప్పాలి సుమా."

ఇదీ ఆవిడ పన్నాగం. రోగుల దారి సీటుకొస్తే చాలు, పైన తను బస్తాలా కూర్చోవచ్చు. మరిది తల గీరుకుని సరేనన్నాడు. రోజూ కొట్టు తీసేముందు సైకిలేసుకుని వెళ్ళేవాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ వాగుడుకాయ నోట మాట ఉండేది కాదు.

"అటే తిప్పావా?"

"అటేలే," అనేవాడు, మొహం చూడకుండా.

నర్సు కూడా అతని మొహం చూసేది కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటే ఇద్దరి గుట్టూ అక్కడే బయటపడేది. సీటు మాత్రం మెత్తబడింది. తోలు రంగు తిరిగింది, రెండు గుంటలు పడ్డాయి.

ఆ సోమవారం డాక్టరమ్మ తన పాత సైకిలు మీద ముందే వచ్చి నిలబడింది. నర్సు కళ్ళు మూసుకుని, దేవుడికి కాదు, సీటుకే దండం పెట్టుకుని ఎక్కింది. గుంటలు మరిదివి. ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక పక్కకి జారుతోంది. అయితేనేం, సైకిలు నిటారుగా నిలబడింది, తొక్కితే కదిలింది. మొహానికి గాలి తగిలింది. ఇంత కాలం ఈ గాలి లేకుండా బతికానా అనుకుంది.

మొదటి రోగి ఇల్లు కుడివైపు. సైకిలు ఎడమకి తిరిగింది.

"సిస్టర్, అటు కాదు."

"దగ్గర దారి మేడమ్."

సైకిలు బజారు దాటింది, రైలు గేటు దాటింది. దగ్గర దారి దూరమవుతున్నకొద్దీ నర్సు వీపు చెమటతో తడిసిపోయింది. వెనక డాక్టరమ్మ సైకిలు కిర్రుమంటూ వస్తూనే ఉంది. తిట్టి ఉంటే బావుండేది. చివరికి ఓ ఇరుకు వీధిలో, సున్నం వేసిన గోడ పక్కన సైకిలు ఆగిపోయింది. గోడ మీద సరిగ్గా చెయ్యి ఆనేచోట సున్నం అరిగి ఇటుక కనిపిస్తోంది. ఆగాక కాలు ఎలా దింపాలో నర్సుకి తెలియదు. భుజం గోడకి ఆనించి, బల్లిలా అలాగే ఉండిపోయింది.

వీధికి అవతల గుమ్మంలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. ఒక కాలు స్టూలు మీద పెట్టి ఉంది.

"ఇవాళ మనిషి మారారే," అన్నాడు.

"నన్నేనా అండీ?"

"సైకిలు అదేగా. రోజూ వస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్నవాడు దాని మీద వస్తాడు. ఆ గోడ మీద చెయ్యేసుకుని నిలబడతాడు, నా వైపు చూడనట్టు చూస్తాడు, పోతాడు."

ఈ పెద్దాయన ఎవరో నర్సుకి అప్పుడు తెలిసింది. మరిదికి కత్తెర పట్టడం నేర్పిన టైలర్ మాస్టరు. కత్తెర పట్టడం వచ్చాక మరిది ఆ కొట్టుకి ఎదురుగానే సొంత కొట్టు తెరిచాడు. కుర్రకారంతా మరిది కొట్టుకొచ్చింది, కొంత కాలానికి మాస్టరు కొట్టు మూసేశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అప్పుడే గాలి ఇటు తిరిగింది. నర్సు ముక్కు ఆ వాసనని పట్టేసింది. కట్టు కింద మాంసం పాడైతే వచ్చే వాసన. తను సైకిల్ మీదున్నానని, దిగడం రాదని ఆవిడ మర్చిపోయింది. దిగబోయి, సైకిల్‌తో సహా డాక్టరమ్మ కాళ్ళ దగ్గర పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఈసారి మాత్రం ఎవరు నవ్వారో చూడకుండా లేచి వీధి దాటింది.

మాస్టరు పాదానికి కట్టు కట్టుకున్నది కోటు లోపలేసే పట్టు లైనింగుతో. అంచు ముచ్చటగా మడిచి కుట్టి ఉంది. విప్పితే లోపల మడమ నల్లబడి ఉంది, నడిమధ్య విరిగిన సూదిమొన.

"షుగరుందా?" అంది డాక్టరమ్మ వంగి చూస్తూ. "ఎన్నాళ్ళైంది? ఇంకొంచెం ఆలస్యమైతే పాదం తీసెయ్యాల్సొచ్చేది. ఎందుకు రాలేదు?"

మాస్టరు చాలాసేపు లైనింగు అంచు సరిచేశాడు. "జీవితమంతా సూది పట్టినవాడు తన సూదే తొక్కాడని ఎవరికి చెప్పుకోనమ్మా?"

నర్సు గాయం కడిగి మందు వేసింది. ఆవిడ చేతులు ఎక్కడా తడబడలేదు. కట్టు పూర్తయ్యాక డాక్టరమ్మ వీధి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగింది.

"దగ్గర దారి కదూ?"

నర్సు తల దించుకుంది. "నాకు సైకిల్ రాదు మేడమ్. ఇది మా మరిది దారి. నేను అబద్ధం చెప్పాను." మెడ దాకా వేడి పాకింది. కాలవలో పడ్డ రోజున కూడా ఇంత వేడి లేదు.

డాక్టరమ్మ తన రుమాలు తీసి ఆవిడ మోకాలికి కట్టింది. "ఈయనకి రోజూ కట్టు మార్చాలి. ఆ కాలు మానేలోపు సైకిలు నేర్చుకోండి. నేర్చుకోకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను." సైకిలెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర నర్సు అడిగింది. "సైకిల్ని ఎక్కడ తిప్పావు మరిదీ?"

"చెప్పాగా, అటే."

"అటు వైపు ఏ గోడకి నీ చేతి మేర సున్నం ఊడింది?"

మరిది ముద్ద కంచంలో పెట్టేశాడు. చెల్లెలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మంచినీళ్ళ వంకతో లోపలికెళ్ళింది.

"చూశాడా?" అన్నాడు చివరికి.

"రోజూ చూస్తున్నాడట." కాలి సంగతి చెప్పింది.

"నేనక్కడే ఉన్నాను వదినా. వీధి దాటితే కనపడేది. ఆయనిచ్చిన కత్తెరతోనే ఆయన కడుపు కొట్టాను, ఏ మొహం పెట్టుకుని దాటను?"

"నా మొహం మాత్రం ఏం వెలిగిపోతోంది? సైకిల్ రాదు నాకు. నేర్పిస్తావా?"

అతను ఆవిడ వైపు తేరిపార చూశాడు. మామూలుగా అయితే ఏడాదికి సరిపడా వేళాకోళం దొరికినట్టే. ఆ పూట ఒక్కటీ ఆడలేదు. "రేపు షూ వేసుకో, చెప్పులు జారతాయి," అన్నాడంతే.

మర్నాటి నుంచి పొద్దున్నే, సీటుకి తెలియని వీధులు వెతికి వెతికి నేర్పించాడు. క్యారియరు పట్టుకుని వెనకే పరిగెత్తేవాడు. ఆవిడ పడేది. పాలాయన ఒకరోజు ఆ చప్పుడుకి నిద్రలేచి, "నెమ్మదమ్మా," అని మళ్ళీ పడుకున్నాడు. మెల్లగా సీటు మీద మరిది గుంటల పక్కన ఇంకో రెండు, కాస్త ఎడంగా, లేత గుంటలు మొదలయ్యాయి.

రోజూ మాస్టరింటికి మాత్రం సీటు తనే తీసుకెళ్ళేది. తీసుకెళ్ళి ఆ గోడ దగ్గర ఆగేది. ఎంత తొక్కినా వీధి దాటేది కాదు. నర్సు దిగి, సైకిల్ని గోడకి ఆనించి, సంచీ పట్టుకుని నడిచి దాటేది. మాస్టరు ఆవిడ భుజం మీదుగా గోడ వైపు చూసేవాడు. ఎవరి కోసమో అడిగేవాడు కాదు, ఆవిడా చెప్పేది కాదు.

మడమకి గులాబీ రంగు చర్మం వచ్చిన రోజుల్లో, ఒక ఉదయం, మరిది తెల్లారగట్లే ఎక్కడికో తొక్కుకెళ్ళి తెచ్చిన సైకిలు ఇరుకు వీధిలోకి తిరిగింది. నర్సు అలవాటుగా బ్రేకు మీద వేళ్ళు పెట్టింది. గోడ వచ్చింది. గోడ వెనక్కి పోయింది. సైకిలు తిన్నగా వీధికి అడ్డంగా నడిచి మాస్టరు గుమ్మం మెట్టుకి ముందు చక్రం తాకించి నిలబడింది.

మాస్టరు కుర్చీలో లేడు. లోపల కుట్టుమిషను తొక్కుతున్నాడు. బల్ల మీద రెండు గ్లాసులు, అడుగున ఇంకా ఆరని టీ. వాటి పక్కన, మరిది కొట్లో ఉండే, పిడి అరిగిపోయిన పాత కత్తెర.

కట్టు మారుస్తున్నంతసేపూ నర్సు ఆ గ్లాసుల మాట ఎత్తలేదు. మాస్టరూ ఎత్తలేదు. తన కళ్ళ ఎరుపు ఆవిడకి కనపడుతుందనుకున్నాడేమో, మొహం అటు తిప్పుకుని చెప్పాడు. "రేపటి నుంచి మీరు రానక్కర్లేదేమో కదమ్మా."

"కట్టుకి అక్కర్లేదండీ."

బయటికొచ్చి సైకిలెక్కింది. చెరువు గట్టున కొత్త రోగి ఇల్లుంది, ఆ దారి సీటుకి తెలియదు. సైకిలు ఒకసారి ఊగింది. ఆవిడ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తనే తిప్పింది.